మా బావ చేసిన లెట్రిన్ మిషిన్

మా బావ బొగ్గుబాయిలో పంపుల ఫిట్టర్‌గా పనిచేసి రిటైరయ్యాడు. బాయి లోపల ఊరే నీటిని పైకి తోడే పంపులు ఆయన చూసుకునేవాడు. ఏ జాయింటు దగ్గర చుక్క కారినా ఊరుకునేవాడు కాదట. అలాంటి మనిషి డ్యూటీ లేకుండా ఇంట్లో కూర్చుంటే ఏమవుతుందో మా అక్కకు తొందరగానే అర్థమైంది. నల్లాల వాషర్లు మార్చాడు. కూలర్ మోటారు విప్పి మళ్లీ బిగించాడు. కుక్కర్ విజిల్ సరిగా కూయడం లేదని అనుమానపడ్డాడు. విప్పడానికి ఇంకేమీ మిగలని రోజున ఆయన చూపు లెట్రిన్ మీద పడింది.

పత్రికాఫీసులో పని మానేశాక నేనూ గోదావరిఖనిలో వాళ్ల ఇంటి వెనక పోర్షన్‌లో చేరాను. రెండు పోర్షన్లకూ లెట్రిన్ ఒకటే. కాబట్టి ఈ వ్యవహారంలో నాకు ఏ పక్షమూ లేదని చెప్పుకోలేను.

అక్క కడిగే పద్ధతి చాలా సులువు. మందు సీసా మూత తీసి, బేసిన్ చుట్టూ ధారగా తిప్పి, తలుపు దగ్గరికి వేసి వచ్చి చాయ్ పెట్టుకుంటుంది. తీరిగ్గా చాయ్ తాగి, వెళ్లి బకెట్ నీళ్లు గుమ్మరిస్తుంది. బేసిన్ మెరిసిపోతుంది. ఆ రోజు బావ గుమ్మం దగ్గర నిలబడి ఇదంతా చూశాడు.

"గదేందే, వాకిట్ల సాంపి చల్లినట్టు పోస్తున్నవ్? సగం మందు ఊకెనే మోరీల పోతున్నది."

"పోనియ్. మోరీ గూడ సాఫయితది."

"గట్ల గాదు. ఎంత గావాల్నో అంతే పడాలె. నేను చేస్త మిషిన్."

అక్క కొంగు నడుముకు చెక్కి నా వైపు తిరిగింది. "తమ్మీ, ఇన్నవ్ గద. నువ్వే సాక్ష్యం. మిషిన్ నడవకపోతే గీ లెట్రిన్ కడుగుడు జిందగీ మొత్తం మీ బావదే."

"మరి నడిస్తే?" అన్నాడు బావ.

"నడిస్తే నువ్వు చెప్పినట్టే కడుగుత. మల్ల నోరెత్త."

బావ నవ్వుతూనే ఒప్పుకున్నాడు గానీ, ఆయనకది చిన్న పందెం కాదు. మోకాళ్ల లోతు నీళ్లలో దిగి పంపులు బాగుచేసిన మనిషి ఇంట్లో లెట్రిన్ బ్రష్ ఒక్కసారి కూడా పట్టుకోలేదు. పట్టుకునే ఉద్దేశం కూడా లేదు.

ఆయన దృష్టిలో ఇనుముతో చెయ్యనిది యంత్రమే కాదు. పాత పైపు ముక్క, స్ప్రింగు, వాల్వు తెచ్చి వరండాలో కూర్చున్నాడు. పైన మందు పోసి కింద నొక్కితే చెంచాడు మాత్రమే పడాలని లెక్క. నిజంగానే పడింది. బావ రోజంతా మీసం సవరించుకుంటూ తిరిగాడు.

ఆ వారం తిరగకముందే బేసిన్ మీద ఎర్రటి చారలు మొదలయ్యాయి. ఆ మందులో ఉండేది యాసిడ్. లోపల స్ప్రింగును తినేసి, ఆ తుప్పును చెంచా చొప్పున కొలిచి మరీ బయటికి పంపుతోంది. పసుపు మరకలు పోగొట్టాల్సిన యంత్రం ఎర్ర మరకలు పెట్టింది. వాటిని వదిలించడానికి అక్క సీసా మొత్తం ఖాళీ చేసింది.

"బాయి నీళ్లు పంపులను తింటున్నయని ఇన్నేండ్లు ఇంట్ల ఒర్రింది ఎవరు? నువ్వే గద!" అంది.

"ఇది ట్రయలే," అన్నాడు బావ. "ట్రయల్ పందెంల రాదు."

నన్ను అడిగారు. ట్రయల్ గురించి ముందు ఎవరూ మాట్లాడలేదు కనుక ఇంకో అవకాశం ఇవ్వవచ్చని తీర్పు చెప్పాను. ఆ రోజు అక్క నాకు చాయ్ ఇవ్వలేదు.

కొన్నాళ్లకు బావతో షిఫ్టులో పనిచేసిన పాత దోస్తు జ్వరంతో దవాఖానలో చేరితే ఇద్దరం చూడబోయాం. బావ మంచం పక్కన నిలబడి పైన వేలాడే సెలైన్ సీసానే చూస్తున్నాడు. చుక్క తర్వాత చుక్క పడుతోంది. పేషెంట్ భార్య అది దోస్తు మీద దిగులనుకుంది.

"ఫికర్ చెయ్యకే అన్నా. రేపో మాపో ఇంటికి పంపుతమన్నరు," అంది కళ్లు తుడుచుకుంటూ.

"మంచిదమ్మా," అన్నాడు బావ. "కని గీ పైపుకు చిన్న చక్రం ఉన్నది సూడు, గిది బయట దొరుకుతదా?"

దొరికింది. మెడికల్ షాపులో కొన్న సెలైన్ పైపుకు సూది, లోపలి వడపోత జాలీ తీసేశాడు. మందు సీసాను తలకిందులుగా గోడకు బిగించి, మధ్యాహ్నం ఓపెన్‌కాస్ట్ గనిలో పేల్చే బ్లాస్టింగ్‌కు గోడలు అదిరినా కదలకుండా కట్టె చీల కొట్టాడు. ఎక్కడా ఇనుము తగలనివ్వలేదు. చక్రం తిప్పితే చుక్కలు, ఇంకాస్త తిప్పితే సన్నటి ధార. పైపు కొస పట్టుకుని బేసిన్ చుట్టూ తిప్పుకోవడమే.

అక్క చాలాసేపు చూసింది. "గిది లెట్రినా, ఐసీయూనా?" అంది. తర్వాత నిజాయితీగా ఒప్పుకుంది. "నడుస్తున్నది. కాదంటలేను. కని గా చక్రం తిప్పుడు నాకు రాదు. కొన్ని దినాలు నువ్వే తిప్పి చూపెట్టు, నేర్చుకుంట."

గెలిచిన ఉత్సాహంలో బావ లోపలికి వెళ్లాడు. మందు కొలత ప్రకారం పడింది. మరక మాత్రం కదల్లేదు. కాసేపటికి లోపలి నుంచి బ్రష్ చప్పుడు వినిపించింది. ఆగి, మళ్లీ వినిపించింది. బావ నడుము మీద చెయ్యి వేసుకుని బయటికి వచ్చాడు.

"ఏందే, గింత గట్టిగ రుద్దాల్నా?"

"మందు తక్కువయితే రుద్దాలె. మోకాళ్లు నొయ్యవట్టినంక నాకు కూసొని రుద్దుడు అయితలేదు. అందుకే జరంత ఎక్కువ పోస్తున్న."

"ఎప్పటి సంది నొస్తున్నయి?"

"నువ్వు డ్యూటీల ఉన్నప్పటి సంది."

బావ మళ్లీ లోపలికి పోయి మిగిలింది రుద్దాడు. మర్నాడు కూడా ఆయనే కడిగాడు. ఆ మర్నాడూ ఆయనే. నేర్చుకోవడానికి అక్క ఒక్కరోజూ రాలేదు, ఆయనా పిలవలేదు.

మొన్న ఉదయం లెట్రిన్‌కు నా వంతు అనుకుని వెళితే తలుపు ఓరగా ఉంది. సెలైన్ పైపు చీలకు వేలాడుతోంది. బావ సీసా చేత్తో పట్టుకుని బేసిన్ చుట్టూ ధారగా పోస్తున్నాడు. నన్ను చూసి చెయ్యి ఆపాడు.

వంటింట్లోంచి అక్క కేకేసింది. "ఏం, మిషిన్ నడుస్తున్నదా?"

"ఫస్ట్ క్లాస్ నడుస్తున్నది," అన్నాడు బావ నా మీంచి చూపు తిప్పకుండా. "కావాల్నంటే మీ తమ్మున్ని అడుగు."

"ఏం తమ్మీ?"

"నడుస్తున్నదక్కా," అన్నాను. "చుక్క గూడ వృథా పోతలేదు."

"అయితే రాండ్రి, చాయ్ అయింది."

బావ మిగిలిన కాస్త మందూ పోసేసి, తలుపు దగ్గరికి వేసి, నా వెంటే చాయ్‌కు వచ్చాడు.