రాహుకాలంలో మార్చిన తాళం

ఎనిమిదో తరగతిలో నేను బడి మానేసిన రోజు లెక్కల అయ్యవారు మిఠాయిలు పంచలేదు గానీ, ఆయన ముఖంలో మాత్రం పండగ కనిపించింది. అలాంటి నేను ఫ్యాక్షన్ రోజుల్లో, ప్రొద్దుటూరులో ఒక పార్టీ నాయకుడి ఇంట్లో కంప్యూటరు చూసుకునే పనిలో కుదిరాను. మా మేనమామ ఆయన జీపు డ్రైవరు.

నాయకుడు పులివెందులకు నేరుగా పోతాడా, జమ్మలమడుగు చుట్టుకుని పోతాడా అన్నది ఎదుటివర్గానికి తెలియకూడదు. ఫోనులో చెబితే ఎవరైనా వింటారని అనుమానం. అందుకే ఒక సాఫ్ట్‌వేర్‌తో జాబుకు తాళం వేసి, పులివెందులలోని మా మనుషులకు ఈమెయిల్ పంపేవాళ్లం. దారిలో ఎవరికి చిక్కినా పిచ్చి అక్షరాలే కనిపిస్తాయి.

ఒకరోజు పొద్దున జాబు పంపేశాక, ఆ సాఫ్ట్‌వేర్ చేసినవాళ్ల ప్రకటన కంటపడింది. దాంట్లో లోపముందట. తాళంచెవిని కంప్యూటర్ గడియారంలోని టైము నుంచే తయారుచేస్తుందట. జాబు ఎప్పుడు రాశారో సుమారుగా తెలిస్తే చాలు, ఆ కాసేపట్లో పుట్టగల తాళంచెవులన్నీ వరసగా వేసి చూసి తెరిచేయొచ్చు. మా నాయకుడేమో పంచాంగం చూసి, మంచి ఘడియ మొదలైన నిమిషానికే జాబు రాయిస్తాడు. ఎదుటివాళ్లు కొనేదీ అదే పంచాంగం, అదే అంగట్లో!

"అన్నా, ఈ బొక్క పూడ్చే ప్యాచ్ వచ్చినాది. ఏసేస్తా," అన్నాను నాయకుడి దగ్గరికి పరుగున పోయి.

"ఎవురు పంపినారప్పా? వాని ఊరికి ఫోన్ చేసి కనుక్కోకుండా నా గేటులో మనిషినే రానీను."

"దీనికీ గుర్తు ఉంటాదన్నా. ఆళ్లు చెప్పిన నెంబరూ, మనకొచ్చిన ఫైలు నెంబరూ ఒకటయితేనే లోపలికి."

చాంతాడంత నెంబరు. మామ చదువుతుంటే గేటు మనుషులు పెళ్లి జాతకాలు చూసినంత శ్రద్ధగా సరిచూశారు. కలిసింది. మేం వేసుకుని, పులివెందులలోనూ వేయించాం.

కొత్త తాళంచెవిని గడియారం నుంచి కాకుండా, ఎవరూ ఊహించలేని మన చేతి కదలికల నుంచి తయారుచేస్తానని, మౌస్‌ను అడ్డదిడ్డంగా కదపమంది సాఫ్ట్‌వేర్. నాయకుడు తిన్నగా పోనిచ్చి, తిన్నగా వెనక్కి తెచ్చాడు.

"సేద్యం కాదన్నా ఇది!" అన్నాను.

మామ మౌస్ లాక్కుని, గుంతల రోడ్డులో స్టీరింగ్ తిప్పినట్టు తిప్పేశాడు.

"అయిపాయ గదా, పోదాం పా," అన్నాడు నాయకుడు.

"పొద్దున జాబు పాత తాళంతో పోయింది గదన్నా. దాంట్లో జమ్మలమడుగు దారని ఉండాది. దారి మార్చి మళ్లా రాయాల."

"ఇప్పుడు రాహుకాలం. రాయనంటే రాయను."

మామ గొంతు సవరించుకున్నాడు. "అన్నా, రాహువు ఎప్పుడూ జీపు మింద బాంబెయ్యలే. ఏసేటోళ్లు ఏరే ఉండారు. ముందు సీట్లో ఉండేది నేను!"

నాయకుడు పొట్ట అదిరేలా నవ్వాడు. "రాయప్పా. రాహువుతో నేను మాట్లాడుకుంటాలే."

నేరు దారని రాసి, కొత్త తాళం వేసి పంపాను. జీపు వెళ్లిపోయింది. ఆ రోజు జమ్మలమడుగు దారిలో ఎవరైనా కాచుకున్నారో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. సాయంత్రం హారన్ వినబడగానే గేటుకు ఉరికాను. మామ ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని, రెండో చేతిని గాల్లో మౌస్ తిప్పినట్టు అడ్డదిడ్డంగా తిప్పుతూ వస్తున్నాడు. నేనూ తిప్పాను. మా ఇద్దరికీ ఏదో గాలి సోకిందని గేటు మనుషులు పక్కకు జరిగారు.