మళ్లీ అదే మిషన్

చిన్నది నా కడుపులో ఉన్నప్పుడు, నన్ను సోనోగ్రఫీకి తీసుకుపోతానని మా అత్త పట్టుపట్టింది. బిడ్డ ఎట్లా ఉందో చూడడానికి కాదు. మొదటిది ఆడపిల్ల, రెండోదీ ఆడపిల్లేనా అని ముందే తెలియాలట. చెప్పకూడదని ప్రతి దవాఖానా గోడ మీదా రాసి ఉంటుంది. చెప్పేవాడొకడు ఫాక్‌లాండ్ రోడ్డు అవతల ఉన్నాడని కామాటిపురాలో మా చాల్‌లో అన్ని గదులవాళ్లకూ తెలుసు. నేను పోనంటే పోనన్నాను. ఆ కోపంలో డాక్టర్లు రాసిచ్చిన మామూలు స్కానింగ్ కూడా చేయించుకోలేదు. ఆ మిషన్ పేరెత్తితేనే ఒళ్లు మండేది.

అదే పిల్లకు ఎనిమిదో ఏట న్యుమోనియా ముదిరింది. పెద్దాసుపత్రిలో వెంటిలేటర్ పెట్టినా ఊపిరి అందలేదు. ఇక మెడలోని పెద్ద నరంలోకి గొట్టం వేసి, రక్తం బయటికి తీసి, ఒక యంత్రంతో దానికి ఆక్సిజన్ ఎక్కించి మళ్లీ ఒంట్లోకి పంపాలన్నారు డాక్టరమ్మ. ఊపిరితిత్తులు కోలుకునేదాకా ఆ యంత్రమే పిల్లకు ఊపిరి. బతుకుతుందని మాటివ్వలేనని కూడా అన్నారు. కానివ్వండి అన్నాను.

అంతలో తెర ఉన్న మిషనొకటి తోసుకొచ్చి పిల్ల మెడకు జెల్ రాయబోయారు. గుర్తుపట్టాను, పెద్దది కడుపులో ఉన్నప్పుడు చూసిన సోనోగ్రఫీ మిషనే. మంచానికి అడ్డం నిలబడి, అది నా బిడ్డ మీద పెట్టొద్దన్నాను. నర్సు కసిరింది. డాక్టరమ్మ మాత్రం మిషన్‌కున్న పిడిని తన మెడకే ఆనించుకుని తెర నా వైపు తిప్పారు. రెండు నల్లటి గుండ్రాలు కనిపించాయి, రెండూ రక్తనాళాలేనట. టకటకా కొట్టుకునేదానికి సూది తగలకూడదట. పక్కనున్న, నొక్కితే అణిగేదానిలోకే పోవాలట. చూడకుండా గుచ్చమంటావా అని అడిగారు. పక్కకు జరిగాను. క్షమించమని మాత్రం అడగలేదు, నేనేం తప్పు చేశానని?

బయట బెంచీ మీద అత్త కూర్చుని ఉంది. మిషన్ లోపలికి పోవడం చూసినట్టుంది.

"అది సోనోగ్రఫీదే గదనే. ఏం గనపడ్డది అండ్ల?"

"ఆడపిల్లనే అత్తమ్మా. అప్పుడు వదులుకోలే, ఇప్పుడు గూడ వదులుకోను."

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేను ఓదార్చలేదు. పక్కన మాత్రం కూర్చున్నాను.

ఇప్పుడు పిల్ల బడికి పోయేటప్పుడు, మెడ మీద గొట్టం వేసిన మచ్చ కనపడకుండా కాలర్ బొత్తాం పెట్టుకోమని అత్త రోజూ బతిమాలుతుంది. అది పెట్టుకోదు. ఈ మొండితనం ఎవరిదని అత్త నా వైపే చూస్తుంది. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా?