చివావా వైద్యం

అమెరికాలో, మెక్సికో సరిహద్దునున్న ఎల్ పాసో ఊరి పొలిమేర కాలనీల్లో దెల్ఫీనా తలుపు తట్టని ఇల్లు లేదు. పిల్లల ఉబ్బసం గురించి ఇంటింటికీ తిరిగి చెప్పడం ఆవిడ పని. భుజాన సంచి, సంచిలో ప్లాస్టిక్ ఊపిరితిత్తులు, నోటినిండా కబుర్లు. డాక్టరు అరగంటలో చెప్పలేనిది ఈవిడ కాఫీ తాగేలోగా చెప్పేస్తుందని పేరు.

రెఫుహియో అవ్వ దగ్గర మాత్రం ఆ పప్పులు ఉడకలేదు. అవ్వ మనవరాలు, ఏడేళ్ళ యారెట్సీ, ఆ ఏడు అప్పటికే మూడుసార్లు ఆయాసంతో ఆసుపత్రి పాలైంది. ఇన్‌హేలర్ అలవాటైపోతుందని అవ్వ దాన్ని బీరువాలో దాచేసి, పిల్ల పక్కలో తన చివావా కుక్క కనేలోని పడుకోబెట్టింది. చివావా జబ్బుని లాగేసుకుంటుందని అక్కడి పెద్దవాళ్ళ నమ్మకం. దాని బొచ్చే పిల్లకి పడడం లేదని దెల్ఫీనాకి తెలుసు. ఆ మాట మొహాన అంటే అవ్వ మళ్ళీ గడప తొక్కనివ్వదనీ తెలుసు. నాలుగోసారి ఆయాసం వస్తే పిల్ల దక్కుతుందో లేదోనని ఆవిడ భయం.

"చూడవే, కనేలో కూడా దగ్గుతోంది. సగం జబ్బు లాగేసింది!" అంది అవ్వ, కుక్కని ఒళ్ళో పెట్టుకుని.

"నేనూ మావాడి పక్కలో ఇలాంటిదాన్నే పడుకోబెట్టాను పెద్దమ్మా. కుక్క ఒళ్ళు చేసింది, మావాణ్ణి అంబులెన్సు ఎక్కించారు."

అవ్వ మొహం గంటు పెట్టుకుంది. "మీ కుక్క మంచిది కాదేమో."

దెల్ఫీనాకి నవ్వొచ్చింది, ఆపుకుంది. "సరే, మీది మంచిదే. పాపం అలిసిపోయింది కదా, రెండు వారాలు వంటింట్లో పడుకోనీ. పక్కబట్టలు వేడినీళ్ళలో ఉతుకు. ఇన్‌హేలర్ రెండు పూటలా నీ చేత్తోనే ఇవ్వు. తేడా లేకపోతే నేనే దీన్ని ఎత్తుకెళ్ళి మంచం ఎక్కిస్తా."

అవ్వ గొణుగుతూనే బీరువా తాళం తీసింది.

రెండు వారాల తర్వాత ఆదివారం, చర్చి ముందు అవ్వ చుట్టూ నలుగురు ఆడవాళ్ళు మూగి ఉన్నారు. యారెట్సీ ఆవరణంతా పరుగులు పెడుతోంది.

"కుక్కని మంచం ఎక్కించకండే! పక్కబట్టలు వేడినీళ్ళలో ఉతకండి!" అని అవ్వ దంచేస్తోంది. ఒక్క మాటా పొల్లుపోలేదు. దెల్ఫీనా పేరు మాత్రం ఎక్కడా రాలేదు.

దెల్ఫీనాకి కాస్త చివుక్కుమంది. అంతలో పిల్ల పకపకా నవ్వుతూ ఎదురుగా దూసుకుపోయింది. ఆవిడ వెళ్ళి ఆ ఆడవాళ్ళ వెనక నిలబడింది.

"మరి మందు ఎన్ని పూటలివ్వాలి పెద్దమ్మా?"

"రెండు పూటలు. రాసుకో, మర్చిపోతావు" అంది అవ్వ.

దెల్ఫీనా సంచిలోంచి కాగితం తీసి బుద్ధిగా రాసుకుంది.