మూడు చుక్కల కంపెనీ

యుద్ధం రోజుల్లో తోలు ఫ్యాక్టరీలో ఆమెను అందరూ పుర్రచెయ్యి అనేవారు. ఎడమచేత్తో కుట్టేది మరి. చాటునుంచి గురిచూసి కాల్చే సిపాయిల తుపాకులకు బిగించే దుర్భిణులుంటాయి కదా, వాటిని మోసుకెళ్ళే తోలుపెట్టెలు అక్కడ తయారయ్యేవి. నలభైమంది కుట్లు ఒకవైపు వాలితే ఈమెవి రెండోవైపు వాలేవి. అది చూస్తే మేస్త్రీకి ఒళ్ళు మండేది. "నీ పెట్టె ఎక్కడైనా పిగిలితే నింద అందరిమీదా పడకూడదు," అని ఆమె పెట్టెలకు మాత్రం మూత లోపల కంపెనీ ముద్ర మానిపించి, మేకుతో మూడు చుక్కలు పొడిపించాడు. తప్పు జరక్కముందే తప్పు ఎవరిదో ఖాయం చేసిపెట్టుకున్నాడన్నమాట. మూడేళ్ళలో ఆ చుక్కల పెట్టె ఒక్కటి కూడా తిరిగి రాలేదు. మేస్త్రీ ఆ మాట పొరపాటున కూడా ఎత్తలేదు. మెచ్చుకోవాలంటే కొందరికి నోరు పెగలదు.

యుద్ధం అయిపోయింది, ఫ్యాక్టరీ మూతపడింది. ఆమె పెళ్ళాడింది, కొడుకును పెంచింది, భర్తను సాగనంపింది, ఎనభై దాటింది. పెట్టెల సంగతి ఎత్తితే చాలు, "మళ్ళీ మొదలెట్టావా అమ్మా!" అని కొడుకు లేచి వెళ్ళిపోయేవాడు.

ఒక మధ్యాహ్నం కొడుకూ కోడలూ పనికి పోయాక ఒక పెద్దమనిషి ఆ ఫ్యాక్టరీ పాతవాళ్ళను వెతుక్కుంటూ వచ్చాడు. ముప్పై ఏళ్ళుగా ఆ పెట్టెలే సేకరిస్తున్నాడట. వాటిమీద పుస్తకం రాస్తున్నాడట.

"వీటిని రెండు కంపెనీలు చేశాయమ్మా. మొదటిది మీ ఫ్యాక్టరీ. రెండోదాని ఆచూకీ ఎవరికీ తెలీదు. మేం మూడు చుక్కల కంపెనీ అంటాం. చాలా అరుదు," అని సంచిలోంచి పెట్టె తీసి మూత తెరిచాడు.

ఆమె చుక్కల్ని వేలితో తడిమింది. నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

"కంపెనీ ఏంటి నాయనా, అది నేనే!"

ఆయన చిన్నపిల్ల మాట విన్నట్టు నవ్వాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. ముప్పై ఏళ్ళుగా సభల్లో ఆ రెండో కంపెనీ గురించే ఊదరగొట్టినవాడు. ఆమె ఇక వాదించలేదు. పాత బెల్టు ముక్క, తోలుకు బెజ్జాలు పొడిచే ఆరె, మైనం పట్టించిన దారం తెచ్చుకుని కిటికీ దగ్గర కూర్చుంది. వేళ్ళు వంగలేదు. జానెడు కుట్టడానికి గంట పట్టింది. ఆయన ముక్కను పెట్టె పక్కన పెట్టి చూశాడు. అదే వాలు, అదే ఒత్తు. పెట్టె మూత గభాలున మూసేశాడు.

"ఈ సంగతి ఇంకెవరికైనా చెప్పారా?" అన్నాడు.

"ఎవరు వింటారు? మీరు పుస్తకంలో నా పేరు వెయ్యండి, చాలు. అచ్చులో ఉంటే మావాళ్ళు నమ్ముతారు."

"తప్పకుండా," అన్నాడు. కుట్టిన ముక్కను గుర్తుగా ఉంచుకుంటానని పట్టుకుపోయాడు.

సాయంత్రం చెబితే కొడుకు నవ్వాడు. కోడలు మాత్రం, "పుస్తకం రానివ్వండి అత్తయ్యా, నేను చదివి వినిపిస్తాను," అంది. ఆ రోజు నుంచీ ముసలామె పోస్టు కోసం గుమ్మంలోనే కూర్చునేది. ఎనిమిది నెలలకు పుస్తకం వచ్చింది.

కోడలు పక్కన కూర్చుని రెండో కంపెనీ అధ్యాయం చదివింది. "ఆ యజమాని పేరు మనకు దక్కలేదు. కానీ పనిలో రాజీపడని మహా నిపుణుడై ఉండాలి." సొమ్మొకడిది సోకొకడిది అంటారు. ఇక్కడ ఆ సోకుపడేవాడు అసలు పుట్టనే లేదు.

"అంతా చదివావా?"

"చదివానత్తయ్యా. చివర కృతజ్ఞతల్లో కూడా చూశాను. మీ పేరు లేదు."

కోడలు చెడ్డది కాదు. మళ్ళీ పేజీలన్నీ తిరగేసింది. పుస్తకం మూసి, నొప్పించకుండా మెల్లగా అడిగింది.

"చాలా ఏళ్ళయింది కదా అత్తయ్యా... నిజంగా అవి మీరే కుట్టారా?"

ముసలామె చాలాసేపు తన ఎడమచేతిని చూసుకుంది.

"ఏమోనే. ఎవరో కంపెనీవాళ్ళే కుట్టుంటారు," అంది.