ఆజూరు నెల చిల్లు

కార్డుల సెక్షను పెద్దాయన పోయారని మొన్న సోమవారం రెంజల్‌లో బస్సు దిగగానే చెప్పారు. దుఃఖం కంటే ముందు నాకు కోపం వచ్చింది. ఆ మనిషిని అరగదీసింది రోగం కాదు, రెండు మిషన్ల మొండితనం.

మా చెరకు ఆఫీసులో ప్రతి పొలానికీ ఒక అట్ట కార్డు ఉండేది. ఊరు, విస్తీర్ణం, నాటిన నెల, అన్నీ పాత మిషను చదివే గుండ్రటి చిల్లులే. నిజామాబాదులో కొత్త కంప్యూటరు పెట్టారు. అది నలుపలకల చిల్లులు తప్ప చదవదట! ఎవరి చెరకు ముందు కొట్టాలో ఇక అదే చెబుతుందట! పెద్దాయన పాత కార్డును కిటికీ వెలుగుకు పట్టి చదివి, కొత్త కార్డుకు చిల్లులు కొట్టారు. ఏడాది పాటు. ఒక్క అంకె మార్చొద్దని పైవాళ్ల ఆజ్ఞ. మార్చలేదు.

అక్కడే మునిగాం. పాత గుమాస్తాలు నెలల్ని నిజాం కాలపు ఫసలీ లెక్కలో రాసేవారు. ఒకటంటే ఆజూరు, మన అక్టోబరు. కొత్త మిషను ఒకటిని జనవరి అనుకుంది. నా చెరకు వయసు మూడు నెలలు తగ్గింది. పొలంలో పూతకొచ్చి బెండుబారుతున్నా కోత పర్మిట్టు రాలేదు.

ఆ ఆదివారం చర్చిలో ప్రసంగం నాదే; బాబెలు గోపురం కథ ఎత్తుకుని గంటసేపు ఉరిమాను. వెనక బల్ల మీద ఆయనున్నారు. అయ్యాక దగ్గరికొచ్చారు.

"తమ్మీ, బాబెల్ల మాటలు తారుమారు జేసింది దేవుడు. గీడ నేను. ఆజూరని నాకెరుకే. మార్చొద్దంటె ఊకున్న."

"ఎరుకుండి ఊకున్నవా అన్నా! నా చెరకు పొయ్యిల కట్టెలైంది!"

"తిట్టు. తిట్టుకుంటనే పొలానికి నడువు."

నా పొలంలో ఒక చెరకు గడ కొట్టించుకుని ఆయన నిజామాబాదు బస్సెక్కారు. నేనూ వెంట వెళ్లాను. ఆఫీసరు "కార్డు అబద్ధం చెప్పదండీ" అన్నాడు. పెద్దాయన ఆ ఎండిన గడను బల్ల మీద పెట్టి, నెమ్మదిగా అన్నారు:

"సార్, దీన్ని సదవమనుండ్రి మీ మిషన్ని."

నెలలు సరిచేసి మళ్లీ ప్రతి కార్డూ ఆయనే కొట్టారు. నా పొలంలో సగం దక్కింది. పోయిన సగానికి ఆయన్ని క్షమించానని నేను ఒక్కసారీ చెప్పలేదు. క్షమాపణ మీద ఎన్ని ఊళ్లలో గొంతు చించుకున్నానో!

ఆయనిచ్చిన నా తప్పు కార్డు ఇప్పటికీ నా బైబిల్లోనే ఉంది. ఈ ఉదయం తెరిస్తే, ఒకటో అంకె దగ్గర చిల్లులోంచి కింది పేజీలోని ఒక్క అక్షరం కనిపించింది. ఏ మాటలోదో చూద్దామని కార్డు మీద వేలు పెట్టాను. అది ‘క్షమించు’లోదే అయితే? కార్డు ఎత్తలేకపోయాను.