మా ఊరి నుంచి ఒక్కరూ రాలేదు

మా అన్న మద్రాసు శాసనసభకు ఎన్నికైన ఏడు నుంచి మా ఇంటి అరుగు మీద నాకొక పని దొరికింది. ఆయన సమావేశాలకు వెళ్లినప్పుడు అర్జీలతో వచ్చేవాళ్ల మాట వినాలి. ఆయన రాగానే చెప్పాలి. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. వచ్చేవాళ్లలోనూ చాలామందికి రాదు. అందుకని ఒక చేట పెట్టుకున్నాను. గట్టు తగాదా చెప్పినవాడి పేరున ఒక గులకరాయి, సర్కారుకు ఇవ్వాల్సిన లెవీ ధాన్యం ఎక్కువ రాశారన్న రైతు పేరున నాలుగు కొర్రగింజలు, రుద్రవరం అడవిలో కట్టెలు కొట్టనివ్వడం లేదన్నవాళ్ల పేరున ఒక పుల్ల. వస్తువు చూస్తే మనిషి, మాట రెండూ గుర్తొచ్చేవి.

అన్న నంద్యాలలో రైలు దిగి, బొగ్గుతో నడిచే బస్సులో ఆళ్లగడ్డకు, అక్కడి నుంచి దొర్నిపాడు దారిలో ఉన్న మా ఊరికి బండి మీద వచ్చేవాడు. స్నానం చేసి, "పాపా, చేట తే" అనేవాడు. నేను చెప్పేవన్నీ కాగితం మీద రాసుకుని, వాటిలో కొన్నింటిని సభలో ప్రశ్నలుగా వేసేవాడు.

"మంత్రులకు పదిమంది గుమాస్తాలుండారు. నాకు ఒక చేట ఉండాది" అని నవ్వేవాడు.

నా నోటి మాటకు మద్రాసులో మంత్రి జవాబు చెప్పాడని వింటే నాకు ఎంత గర్వంగా ఉండేదో. పదహారో ఏటనే భర్త పోయి పుట్టింటికి వచ్చినదాన్ని. ఆ ఇంట్లో నన్ను అడిగి చేసే పని అదొక్కటే.

అన్న పెద్దగా చదివినవాడు కాదు. నాయన పత్తి వ్యాపారం చూసుకోమంటే నంద్యాల బడి మధ్యలో వదిలి ఖద్దరు మూట భుజాన వేసుకుని ఊళ్లు తిరిగాడు. జైలుకు వెళ్లి ఎముకల గూడై తిరిగొచ్చాడు. ఇంగ్లీషు సరిగా రాదు కాబట్టి సభలో తెలుగులోనే మాట్లాడేవాడు. కోస్తా సభ్యులు "మీరు ప్రశ్న అడుగుతున్నారా, పోట్లాటకు వచ్చారా?" అని ఆటపట్టించేవారట. ఆ మాట మాకు చెప్పి ఆయనే పడీపడీ నవ్వేవాడు.

ఒక ఏడు శివరాత్రి దాటాక హరిజనవాడ నుంచి ఒకామె వచ్చింది. మా కళ్లంలో పనిచేసే మనిషే. అరుగు కింద నిలబడింది.

"సామి వచ్చినాడామ్మా?"

"లేదు. ఏందీ, నాకు చెప్పు."

"యేరు ఎండిపోతాంది. ఇసకలో చెలమ తోడితే కడవ నిండేదానికి పొద్దు పోతాంది. మా పాప మూడో తరగతి సదువుతాంది. నీళ్లకు పోతే బడి తప్పుతాంది. ఇట్లే పోతే పేరు కొట్టేస్తానంటాండాడు అయివారు."

"అయితే?"

"మిట్టమధ్యాన్నం మీ బాయికాడ ఎవురుండరు కదమ్మా. ఆ పొద్దులో వచ్చి రెండు కడవలు తోడుకుంటాం. సామి ఊరి పెద్దలకు ఒక మాట చెబితే సాలు."

"చెప్తాలే, పో" అన్నాను.

మిట్టమధ్యాహ్నం బావి దగ్గర ఎవరూ ఉండరన్నది నిజం కాదు. నేను ఉండేదాన్ని. పొద్దున పూట నేను బావికి వెళ్తే పసుపు రాసుకున్న ఆడవాళ్లు మొహం తిప్పుకునేవారు. అందుకే అందరూ తోడుకుని వెళ్లాక, ఎండలో వెళ్లేదాన్ని. ఆ గంటసేపు బావి నాది. గిలక చప్పుడు తప్ప ఏమీ వినపడదు. చీర కొంగు తీసి మొహం మీద నీళ్లు చల్లుకున్నా అడిగేవాళ్లు లేరు. ఆ గంటలోకి ఇంకెవరో వస్తారంటే మనసొప్పలేదు. వాళ్లు తోడిన చేదతో నేనూ తోడాలా అన్న మాట కూడా మనసులో ఉంది. లేదని ఇప్పుడు రాస్తే అబద్ధం.

ఆ రోజు చేటలో ఏమీ వెయ్యలేదు.

అన్న వచ్చాడు. అన్నీ విన్నాక ఆయనే అడిగాడు. "గుడుల తలుపులు అందరికీ తెరిచే చట్టం సభకు వస్తాంది పాపా. నేనూ మాట్లాడల్ల. మన వాడ నుంచి ఎవురన్నా వచ్చినారా? నీళ్లనో, దారనో?"

"ఎవురూ రాలేదన్నా."

"నిజమేనా?"

"వచ్చింటే చేటలో ఉండదా?"

ఆయన ముఖం వెలిగిపోయింది. ఆ సంతోషంతోనే మద్రాసు వెళ్లాడు. సభలో చట్టాన్ని సమర్థిస్తూ మాట్లాడాడు. నంద్యాల మీటింగులో మళ్లీ అదే మాట చెబితే జనం చప్పట్లు కొట్టారని వచ్చి చెప్పాడు.

నాకు యాభై ఏళ్లు దాటాక నంద్యాలలో ఆడవాళ్ల బడిలో అక్షరాలు నేర్చుకున్నాను. అన్న పెట్టెలో సభా చర్చల పుస్తకాలు ఉంటే వాటిలో ఆయన మాట్లాడిన పుట వెతికాను. చుట్టూ ఇంగ్లీషు, మధ్యలో ఆయన తెలుగు. "మా ఊరి నుంచి నీళ్లు లేవని ఒక్కరూ నా దగ్గరికి రాలేదు. మా ఊరు మారింది." కూడబలుక్కుంటూ చదివాను. ఆ మాట నాది. ఆయన పేరు కింద అచ్చయి ఉంది.

ఆమె అడిగి వెళ్లిన ఆ ఎండాకాలం, మరుసటి ఎండాకాలం కూడా వాడవాళ్లు ఏటి ఇసుకలోనే నీళ్లు తోడుకున్నారు. బడి గంట కొట్టే వేళకు ఆ పిల్ల చంకన కడవతో మా వీధి చివర కనపడేది. మొదట్లో గంట వినగానే తల తిప్పి చూసేది. తర్వాత చూడడం మానేసింది.

కొలిమిగుండ్ల వైపు ఉండే వాళ్ల చుట్టం ఎవరో నీళ్ల గురించి అర్జీ రాసి పంపితే చివరకు ఒక అధికారి వచ్చి మా అరుగు మీదే కూర్చున్నాడు. అన్న ఊళ్లోనే ఉన్నాడు. కాగితం చదివి నివ్వెరపోయాడు. అర్జీలో పేరున్న ఆ పిల్ల తల్లిని పిలిపించాడు.

"రెండేండ్ల నుంచి ఇంత కష్టపడతాంటే నాకొక మాట చెప్పగూడదా? నేను సచ్చినానా?"

ఆమె గడప లోపల ఉన్న నా వైపు చూసింది.

"మీరు మద్రాసులో ఉంటిరి సామీ."

"ఈ పాప ఉండాది కదా ఈడ!"

"అమ్మకు చెప్పల్లని తోచలేదు సామీ. తప్పు మాదే."

అధికారి అది రాసుకున్నాడు. మూడు నెలల్లో వాడలోనే బావి పడింది.

అధికారి వచ్చి వెళ్లిన రెండు రోజులకు నేను వాళ్లింటికి వెళ్లాను. ఆమె చేటలో గింజలు చెరుగుతోంది. ఎందుకట్లా చెప్పావని అడిగాను.

"నీ మీద ప్రేమతో అనుకుంటివా?" అంది తలెత్తకుండా. "నిజం చెబితే మీ అన్న నిన్ను నాలుగు తిడతాడు, మూణ్ణాళ్లకు మరిసిపోతాడు. కళ్లం కాడ మాకు గింజలు కొలిసేది నువ్వే కదమ్మా."

"పాపను బడికి పంపు. అన్నతో చెప్తా."

"ఈ తూరన్నా చెప్తావా?" అని నవ్వింది.

ఈసారి చెప్పాను. పిల్ల చదువు సంగతి మాత్రమే చెప్పాను. అన్న తానే పలక కొని, పిల్లను వెంటబెట్టుకుని బడిలో దించి వచ్చాడు. అప్పటికి అది తల్లితో కలుపుకు పోయే పిల్ల. తనలో సగం లేని పిల్లల మధ్య నాలుగు రోజులు కూర్చుంది. రాసేది మరిచిపోయిందని వాళ్లు ఎగతాళి చేశారట. ఐదో రోజు చేనికి పోయింది.

అన్న చాలా నొచ్చుకున్నాడు. భోజనం దగ్గర కూర్చుని, "చట్టాలు మనం చేస్తాం పాపా. వాళ్లకే పట్టకపోతే ఏం చేసేది? బిడ్డ సదువు మీద ఆ తల్లికే ధ్యాస లేదు" అన్నాడు.

ఆ తల్లి ఏమని అడిగిందో నాకు ఒక్కదానికే తెలుసు. నేను ఆయన విస్తరిలో మజ్జిగ పోసి, ఉప్పు కావాలా అని అడిగాను.