తమ్ముడి రైఫిల్

నలభయ్యో పడి దాటేదాకా సైమిని కివియార్విలో ఎవరూ పేరు పెట్టి పిలిచేవాళ్లు కాదు. "తౌనో వాళ్లావిడ" అనేవాళ్లు. సుపీరియర్ సరస్సుకు దక్షిణాన మిషిగన్ రాగిగనుల మధ్య, ఫిన్లండ్ నుంచి వచ్చినవాళ్లు కట్టుకున్న ఊరది. అక్కడ మగవాళ్లంతా గనిలోకి దిగేవాళ్లే. తౌనో కూడా కుర్రతనంలోనే దిగి ఏళ్ల తరబడి రాయి తొలిచాడు. తరవాత పైన మరమ్మతు షాపులో, ఇనుము తిప్పి చెక్కే లేత్ మిషన్ పనికి మారాడు గానీ, అప్పటికే ఆలస్యమైంది. రాతిపొడి ఊపిరితిత్తుల్లో చేరి కూర్చుంది.

గని మూతపడ్డాక షాపు సామాను అమ్మేస్తుంటే కాలితో తొక్కే పాత లేత్ ఒకటి బండి మీద ఇంటికి తెచ్చుకున్నాడు. చలిగాలి అతని రొమ్ముకు పడదని సైమి దాన్ని వంటింటి పక్క గదిలోనే పెట్టించింది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు తుపాకులు బాగుచేయించుకోవడానికి అతని దగ్గరికే వచ్చేవాళ్లు. మిషన్ తొక్కే ఓపిక తౌనోకు లేదు. తొక్కేది సైమి, ఉలి పట్టేది తౌనో. అలా తొక్కుతూ తొక్కుతూ ఆమె అతని చేతుల వంకే చూసేది. ఆ గదిలో చూడడానికి మరేముంది గనక!

ఆ ఏడు మంచు పడడం మొదలవుతూనే ఆమె తమ్ముడు ఒస్కారి చిన్న బోల్ట్ రైఫిల్ భుజాన వేసుకుని వచ్చాడు. వాణ్ని కని తల్లి పోతే ఎత్తుకుని పెంచింది సైమే. గని మూతపడినప్పటినుంచి వాడు అడవిలో నక్కల్ని, కొయోట్లనే చిన్న తోడేళ్లని వేటాడి చర్మాలు అమ్ముకుని బతుకుతున్నాడు.

"బావా, దీంతో కాలిస్తే కొయోట్ చావట్లేదు. వెనక్కి తిరిగి చూసి మరీ వెళ్తోంది," అన్నాడు చక్కెర పలుకు పంటి కింద పెట్టుకుని కాఫీ జుర్రుతూ.

"నీ గురి అలాంటిది. ఎవడ్రా వీడని చూసి ఉంటుంది," అన్నాడు తౌనో.

"గురికేం తక్కువ లేదులే. తగులుతోంది, తగిలి బురదల్లోకి పోయి చస్తోంది. చర్మమూ లేదు, ఏమీ లేదు. అలాగని పెద్ద తుపాకీతో కొడితే చర్మానికి పిడికిలంత చిల్లు. ఇదిగో, దీనికి సరిపోయేలా మార్చిపెట్టు." జేబులోంచి సన్నటి పొడుగాటి తూటా తీసి బల్ల మీద నిలబెట్టాడు. కొత్తగా వచ్చిన రకం. కందిరీగ అని పేరు.

తౌనో దాన్ని వేళ్ల మధ్య తిప్పి చూశాడు. చాలాకాలానికి అతని కళ్లలో వెలుగు కనిపించింది సైమికి. తూటా వెనక మూసే బోల్ట్ తీసి, పాత తూటానీ కొత్త తూటానీ పక్కపక్కన పెట్టాడు.

"గొట్టం బోలు ఇంచుమించు అంతే. తూటా కూర్చునే గూడు పెద్దది చెయ్యాలి. ఇప్పుడు సూది తూటా అంచు మీద కొడుతోంది, దాన్ని నడిమధ్యకి తేవాలి. మందు జోరెక్కువ, కాబట్టి బోల్ట్ తాళం గట్టిపరచాలి." కాస్త ఆగి ఊపిరి పీల్చుకుని, "చేస్తాలే," అన్నాడు.

"ఇంత పని ఇప్పుడెందుకు?" అంది సైమి మెల్లిగా.

"నేనింకా పోలేదుగా," అన్నాడు తౌనో.

పని నెమ్మదిగా సాగింది. బోల్ట్ ముఖాన పాత చిల్లు పూడ్చి, నడిమధ్య కొత్తది వేశాడు. సూది మళ్లీ చేశాడు. గూడు తొలవడానికి కావలసిన రీమరును ఉక్కు కడ్డీ నుంచి తనే చెక్కి, పొయ్యిలో కాల్చి, నూనెలో ముంచి గట్టిపరిచాడు. దగ్గు తెరలు తెరలుగా వచ్చినప్పుడల్లా ఆపి, బెంచీ మీద కూర్చుని, తగ్గాక మళ్లీ లేచేవాడు. గూడు మాత్రం చేత్తోనే తొలవాలి, రీమరును తిప్పుతూ, తీస్తూ, కొలుస్తూ. చివర్లో తూటా అంచు ఆనే మెట్టు దగ్గర పొరపాటు పడకూడదు. అక్కడ వెంట్రుకవాసి ఎక్కువ దిగినా తూటా వెనక ఖాళీ మిగిలిపోతుంది.

ఆ రోజు సైమి రొట్టె పిండి పిసుకుతోంది. పక్కగదిలోంచి పెద్ద దగ్గు వినిపించింది. తరవాత నిశ్శబ్దం. చేతులు పిండితోనే గుమ్మంలోకి వెళ్లేసరికి తౌనో గొట్టాన్ని గుడ్డతో తుడుస్తున్నాడు. మొహం బూడిదరంగులో ఉంది.

"అయిపోయింది," అన్నాడు ఆమె వైపు చూడకుండా.

మర్నాడు రైఫిల్‌ని పెరట్లో పాత టైరుకు కట్టి, ట్రిగ్గరుకు తాడు బిగించి, కట్టెల పేర్పు వెనకనుంచి లాగారు. పేలింది. తౌనో బోల్ట్ తెరవగానే ఖాళీ తూటా మంచులో పడింది. సైమి వంగి తీసింది. ఇత్తడి మీద, అంచుకి కాస్త పైన, ఉంగరంలా మెరుస్తున్న గీత. ఆ గీత మీద ఒకచోట సన్నటి పగులు, దాని చుట్టూ మసి.

"ఇత్తడి మంచిది కాదు," అన్నాడు తౌనో చేయి చాపి. తీసుకుని జేబులో వేసుకున్నాడు. ఇంకోటి కాల్చి, ఆ ఖాళీ తూటాని ఆమె కంటబడకుండా తీశాడు. "ఒస్కారికి కబురు పెట్టు."

అతను నిద్రపోయాక సైమి గదిలోకి వెళ్లింది. మధ్యాహ్నపు వెలుతురు కిటికీలోంచి లేత్ మీద పడుతోంది. మందు లేని తూటా ఒకటి గూట్లో పెట్టి, దాని వెనక సిగరెట్టు కాగితం ముక్క ఉంచి బోల్ట్ మూసింది. మూసుకుంది. ఇంకోటి వేసింది. మూసుకుంది. మరికొన్ని మడతపెట్టి వేసినా బోల్ట్ హాయిగా దిగిపోయింది. తూటా వెనక అంత ఖాళీ ఉందన్నమాట. ఇవాళ పగిలిన ఇత్తడి రేపు చీలుతుంది. చీలితే మంట, ఇత్తడి ముక్కలు వెనక్కి వస్తాయి. రైఫిల్ వెనక ఉండేది ఒస్కారి కన్ను.

ఆమెను నిజంగా కుంగదీసింది అది కాదు. తౌనోకు ఇది తెలుసు. కుర్రవాళ్లకి పాఠం చెప్పినట్టు ఈ సంగతి ఎన్నోసార్లు చెప్పినవాడు అతనే.

ఒస్కారి వచ్చాడు. తౌనో రైఫిల్‌ని గోడమీంచి తీసి, "ఇదిగో, తీసుకెళ్లు," అన్నాడు. సైమి మధ్యలోకి వచ్చి, బోల్ట్ బయటికి లాగి, ఏప్రన్ జేబులో వేసుకుంది.

"ఇంకా కాలేదు," అంది.

"ఏంటక్కా? బావ అయిందంటున్నాడు, నువ్వు కాలేదంటున్నావు. కొయోట్లని వచ్చే వారం రమ్మని చెప్పనా?" అని నవ్వబోయి, ఇద్దరి మొహాలూ చూసి ఆపేశాడు. టోపీ పెట్టుకుని, "సరే, నాకేం తొందర లేదు," అంటూ వెళ్లిపోయాడు.

తలుపు మూసుకున్నాక తౌనో అన్నాడు, "నా పని నాకు నేర్పుతావా?"

"నేర్పను. వెనక కాగితం పెట్టి నువ్వే మూసి చూడు."

"తొక్కినంత మాత్రాన మెకానిక్కువి అయిపోయావా?"

 అతను కాగితం పెట్టి చూడనే లేదు. ఆ పూటనుంచి గోడవైపు తిరిగి పడుకున్నాడు. గంజి పెడితే తిన్నాడు, కాఫీ ఇస్తే తాగాడు, మాట్లాడలేదు. బోల్ట్ ఆమె ఏప్రన్ జేబులోనే ఉంది. ఆవుకు పాలు పిండుతుంటే మోకాలికి తగిలేది. తాను పట్టుబట్టింది న్యాయమేనని ఆమెకు తెలుసు. అయినా ఆ మనిషికి మిగిలిన ఒక్కటీ తానే లాక్కున్నానేమోనని గుండె పీకుతూనే ఉంది.

శనివారం సాయంత్రం ఎప్పటిలాగే ఆవిరి స్నానపు గదిలో రాళ్లు కాల్చింది. తౌనో ఒంటరిగా పైమెట్టు ఎక్కలేడు కాబట్టి కింది బల్ల మీద కూర్చోబెట్టి వీపు రుద్దింది. ఎముకలు చేతికి తగులుతున్నాయి. రాళ్ల మీద నీళ్లు చల్లితే ఆవిరి ఇద్దరినీ కమ్మేసింది. ఒకరి మొహం ఒకరికి సరిగ్గా కనబడని ఆ వెచ్చదనంలో అతను నోరు విప్పాడు.

"దగ్గొచ్చింది, సైమీ. రీమరు చేతిలోనే ఉంది. ఒళ్లంతా దాని మీద వాలిపోయింది. తీసి చూసేసరికి దిగిపోయి ఉంది."

"తెలుసు."

"నీకు తెలుసని నాకూ తెలుసు."

ఆమె నీళ్ల చెంబు కింద పెట్టింది. "వాడు ఒస్కారి, తౌనో. వాడి చేతికి ఎలా ఇవ్వబోయావు?"

"తూటాలో మందు తక్కువ వేసుకోమని తరవాత చెబుదామనుకున్నా. చెప్పేవాణ్నో లేదో నాకే తెలియదు. తౌనో చెయ్యి పోయిందని ఊరంతా తెలిస్తే ఇంకెవరొస్తారు నా దగ్గరికి? గోడ చూస్తూ చావడం తప్ప ఏముంది?"

సైమి ఏడ్చింది. ఆవిరిలో చెమటో కన్నీళ్లో అతనికి తెలియకుండానే ఏడ్చింది. తరవాత తువ్వాలు కప్పి లేపుతూ, "గొట్టం ఒక మర చుట్టు వెనక్కి తెస్తే మళ్లీ కొత్తగా తొలవొచ్చు కదా?" అని అడిగింది.

"తేవచ్చు. చేతులు కావాలి."

"ఉన్నాయిగా."

సోమవారం లేత్ పక్కన పరుపు వేసి అతన్ని పడుకోబెట్టింది. తొక్కేదీ ఆమే, ఉలి పట్టేదీ ఆమే. తౌనో కళ్లు మూసుకుని మిషన్ చప్పుడు వింటూ, "ఆపు, ఉలి అరుస్తోంది. నూనె వెయ్యి," అనేవాడు. గొట్టం మొదట్లో మర ఆగే భుజాన్ని ఒక మర మేరకు తగ్గించింది, వెనకభాగాన్నీ అంతే కోసింది. మళ్లీ బిగించాక గూడు తొలవడం మొదలుపెట్టింది. రీమరును సగం చుట్టు తిప్పుతుంది, తీస్తుంది, తుడుస్తుంది, తూటా పెట్టి చూస్తుంది.

"ఇలా అయితే వేసవి వస్తుంది," అన్నాడు.

"రానీ. ఆలుగడ్డలు పాతేవేళకి అవుతుందిలే."

మెట్టు దగ్గరికి వచ్చేసరికి ఆమె పావు చుట్టుకే తీసి కొలవసాగింది. అక్కడ అతను మాట్లాడడం మానేశాడు. ఊపిరి కూడా బిగబట్టాడేమో, దగ్గు రాలేదు. చివరికి వట్టి తూటా మీద బోల్ట్ మెత్తగా మూసుకుంది. వెనక కాగితపు మడత ఉంచితే మూసుకోనని మొరాయించింది.

మళ్లీ టైరు, మళ్లీ తాడు. ఈసారి సైమి ఒక్కతే బయటికెళ్లింది. ఖాళీ తూటా తెచ్చి అతని అరచేతిలో పెట్టింది. అతను దాన్ని కిటికీ వెలుతురుకి పట్టి, చుట్టూ తిప్పి, గోటితో గీకి చూశాడు. ఎక్కడా గీత లేదు.

"కాఫీ పెట్టు," అన్నాడు. కాసేపటికి, "నువ్వూ పోసుకో, కూర్చుని తాగు," అన్నాడు.

ఒస్కారి వచ్చినప్పుడు రైఫిల్ అందించింది సైమి. తౌనో పరుపు మీంచే చెప్పాడు, "నేను పాడుచేశాను రా. పాడుచేసి నీ చేతిలో పెట్టబోయాను. మీ అక్క సరిచేసింది."

ఒస్కారి రైఫిల్ ఎత్తి చూశాడు. బోల్ట్ తెరిచి మూసి, తెరిచి మూసి, చివరికి, "అయితే గురి తప్పితే అక్కనే తిడతా," అన్నాడు. తరవాత వంగి బావ చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఆ చలికాలమంతా వాడు ఆ రైఫిల్‌తోనే వేటాడాడు. తౌనో ఇంకో ఏడాది పైగా బతికాడు. ఈలోగా వచ్చిన పనులన్నీ అతను పడుకుని చెబుతుంటే ఆమె చేసింది. కొన్నాళ్లకి చెప్పవలసిన మాటలు తగ్గిపోయాయి. చివరి రోజుల్లో ఆమె లేత్ తొక్కుతుంటే ఆ చప్పుడుకే నిద్రపోయేవాడు. వసంతంలో మంచు కరిగి వాగులు పొంగుతున్నప్పుడు పోయాడు. పెట్టె మోసినవాళ్లలో ఒస్కారి ముందున్నాడు.

అంత్యక్రియలయ్యాక ఊళ్లో చాలామంది ఆ గదికి తాళం పడుతుందనుకున్నారు. కొన్ని వారాలు ఎవరూ రాలేదు కూడా. సైమి ఆవును చూసుకుంది, ఆలుగడ్డలు పాతింది. వాన పడుతున్న ఒక పొద్దున అడవి అవతలి ఊరి మనిషి ఒకడు తుపాకీని గుడ్డలో చుట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"తౌనో ఉన్నాడా?" అన్నాడు. కబురు అతనిదాకా చేరలేదు.

"పోయాడు," అంది సైమి.

ఆ మనిషి టోపీ తీశాడు. వెనుదిరగాలో వద్దో తేల్చుకోలేక చూరునీళ్లలో తడుస్తున్నాడు.

"ఏమైంది దానికి?" అని అడిగింది ఆమె.

"బోల్ట్ పట్టేస్తోందమ్మా."

సైమి చేతులు తుడుచుకుని, తుపాకీ అందుకుని, కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది.